మూడో గేరు దగ్గర బండి జారుతోంది, బావగారిని అడగాలా?

పేరు బయటపెట్టవద్దంటూ ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఎనిమిది నెలల కిందట ఆవిడ భర్త అన్నగారు కొత్త బండి కొనుక్కుంటూ, తన ఏడు సీట్ల ఆటోమేటిక్ ఎస్‌యూవీని వీళ్లకు అమ్మారు. తొమ్మిదేళ్ల బండి, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరు గేర్లు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న రకం అని బండితో వచ్చిన పుస్తకంలో చూసి మరీ రాశారు. భర్త ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. పిల్లల్ని బడికీ, అత్తమామల్ని ఆసుపత్రికీ తిప్పేది ఈవిడే.

రెండు నెలలుగా బండి తేడాగా ఉంది. పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు, ఆ తర్వాత ఒక్క కుదుపుతో వెనక్కి కదులుతుంది. అరగంట నడిపాక రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు 2000 నుంచి 3500కి ఎగురుతుంది, ఇంజిన్ ఒక్కసారి అరుస్తుంది, అప్పుడు గేరు పడుతుంది. పెద్ద రోడ్డు మీద నాలుగు నుంచి ఐదుకి మారేటప్పుడూ కొంచెం అలాగే. మిగతా గేర్లలో ఏ ఇబ్బందీ లేదు. ఇవన్నీ ఆవిడ తేదీలతో సహా నోటుబుక్కులో రాసుకున్నారు. మొదటి షెడ్డులో ఆయిల్ నల్లబడింది, మారిస్తే సరిపోతుందన్నారు. రెండో చోట బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి పీ0700, పీ0733 అనే కోడ్లు చూపించి, గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిందే అన్నారు. భర్త స్నేహితుడు ఒకాయన ఏదో సీసా తెస్తాను, పోస్తే చాలంటున్నారు. మూడు వారాల్లో ఏడుగురితో కొండదారి ప్రయాణం ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చారని బావగారిని అడిగితే "అది జీవితాంతం ఉండే ఆయిల్, మార్చక్కర్లేదు" అన్నారట. తోటికోడలు ముఖం ముడుచుకున్నారట. "తెలిసే మాకు అంటగట్టారా? అడిగితే ఇల్లు రెండవుతుంది, అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. ఏ షెడ్డు మాట నమ్మాలి?" అని ముగించారు.

అమ్మా, ముందుగా మీ నోటుబుక్కుకి ఒక దండం. చాలామంది "బండి లాగట్లేదు" అని ఒక్క మాట చెప్పి తాళం చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మీరు ఏ గేర్లో, ఎంత వేడెక్కాక, ఎంతసేపు అన్నది కూడా రాశారు. బండి జబ్బు సగం ఆ పేజీల్లోనే దొరుకుతోంది. ఆ రెండు షెడ్ల వాళ్లూ దాన్ని చదివి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని పడేది కాదేమో.

ఇది నిజంగా జారుడేనా అన్నది మొదట తేలాలి. ఇంజిన్ నీరసపడితే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముల్లు లేవదు, బండీ కదలదు. ముల్లు లేచి వేగం మాత్రం అక్కడే ఉందంటే, ఇంజిన్ బలం చక్రాల దాకా చేరకుండా మధ్యలో పోతోందన్నమాట. మీది అదే. సీవీటీ బండి (మెట్లుమెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) అయివుంటే నేనింత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. అందులో ముందు ఇంజిన్ శబ్దం పెరిగి, వేగం తర్వాత అందుకోవడం దాని తీరు. దాన్ని రోగమనుకుని హడావుడి పడేవాళ్లు చాలామంది. మీది టార్క్ కన్వర్టర్ అని మీరే చెప్పారు కాబట్టి ఆ సందేహం లేదు.

ఈ రకం గేర్‌బాక్సులో అన్ని పనులూ ఆయిలే చేస్తుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో నెడుతుంది. వాల్వ్ బాడీ అనే భాగంలో చిన్న చిన్న కాలువలు, వాటికి విద్యుత్తుతో పనిచేసే సోలినాయిడ్లు ఉంటాయి. కంప్యూటర్ చెప్పినట్టు అవి ఆయిల్‌ని ఒక్కో క్లచ్‌కి వదులుతాయి. ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చి క్లచ్ ప్లేట్లను బిగబడుతుంది. మీకు పనికొచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. గేరుకో క్లచ్ ఉండదు. ఆరు గేర్ల పెట్టెల్లో చాలావాటికి ఉన్నవి ఐదే క్లచ్చులు, బ్రేకులు. వాటిని రెండేసి చొప్పున కలిపి ముందుకు నడిపే ఆరు గేర్లు, ఒక రివర్స్ తయారుచేస్తారు. అలాంటి చాలా గేర్‌బాక్సుల్లో మూడుకి, ఐదుకి, రివర్స్‌కి ఉమ్మడిగా పనిచేసే క్లచ్ ఒకటుంది.

ఇప్పుడు మీ నోటుబుక్కు తెరవండి. జారేవి మూడు, ఐదు. ఆలస్యమయ్యేది రివర్స్. ఒకటి, రెండు, నాలుగు, ఆరు శుభ్రంగా ఉన్నాయి. దొంగ ఎవరో చెప్పలేకపోయినా, దొంగ దాక్కున్న గది ఏదో మీరు చూపించేశారు.

రెండో షెడ్డు చూపించిన పీ0733 కూడా చెబుతున్నది అదే. మూడో గేర్లో లోపలికి వెళ్లే తిరుగుడుకీ, బయటికి వచ్చే తిరుగుడుకీ ఉండాల్సిన నిష్పత్తి కుదరడం లేదని దానర్థం. పీ0700 అయితే ఇంకా చిన్న మాట: గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేస్తోంది, దాన్నే అడగండి అని. ఈ రెండు కోడ్లలో ఎక్కడా "గేర్‌బాక్స్ మార్చండి" అని లేదు. వాళ్లు కోడు నుంచి బిల్లుకి ఒక్క గెంతు గెంతారు.

ఇక ఆ క్లచ్ దగ్గర జరిగివుండేది రెండింటిలో ఒకటి. ఆయిల్ ఒత్తిడి అక్కడిదాకా చాలినంత చేరకపోవడం, లేదా చేరినా క్లచ్ పట్టు నిలవకపోవడం. చేరకపోతే తప్పు సోలినాయిడ్‌ది, వాల్వ్ బాడీది. నిలవకపోతే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలుది, అరిగిన ప్లేట్లది. ఈ తేడా మీ జేబుకి చాలా పెద్దది. చాలా బండ్లలో వాల్వ్ బాడీని గేర్‌బాక్స్ దించకుండానే కింద ఆయిల్ నిలిచే పళ్లెం లాంటి పాన్ విప్పో, పక్క మూత విప్పో తీయవచ్చు. సీలు, ప్లేట్ల దాకా వెళ్లాలంటే గేర్‌బాక్స్ కిందికి దిగి, నట్టు నట్టు ఊడాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు రివర్స్ ఆలస్యం, వేడెక్కాక జారుడు అనే మీ జంట లక్షణం చూస్తే నా అనుమానం సీలు మీదికే వెళ్తోంది. గట్టిపడిన రబ్బరు చలికి సరిగా అతుక్కోదు, వేడికి ఆయిల్ పలచబడి ఆ సందులోంచే కారుతుంది. కానీ ఇది ఉత్తరం చదివి పడిన అనుమానం. దీన్ని నమ్మి ఎవరికీ డబ్బు కట్టకండి.

ఆయిల్ తక్కువైతే కూడా ఇలాగే అవుతుందని ఎవరైనా అంటారు. అవుతుంది, కానీ అప్పుడు ఒక్క క్లచ్‌నే ఎంచుకోదు. మలుపుల్లో, ఎత్తుల్లో అన్ని గేర్లూ తడబడతాయి, పంపు ఊళ పెడుతుంది. అయినా కొలిపించాల్సిందే. మొదటి షెడ్డు వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఎలా కొలిచారు? ఈ కాలపు గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, ఉండదు. బండిని సమతలంగా నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉన్నప్పుడు, మట్టం చూసే బిరడా, చెక్ ప్లగ్, తీసి చూడాలి. ఆ హద్దు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, చాలావాటిలో 30 నుంచి 50 డిగ్రీల మధ్య. స్కానర్‌లో ఉష్ణోగ్రత చూడకుండా కొలిచారంటే అది కొలత కాదు, ఊహ.

మూడో షెడ్డుకి వెళ్లండి. వెళ్లి "బాగుచేయండి" అనకుండా, "తేల్చి చెప్పండి, తేల్చినందుకు మీ కూలి ఇస్తాను" అనండి. పరీక్షకి వేరుగా డబ్బిస్తామంటే మంచి మెకానిక్ సంతోషిస్తాడు. రిపేరు అమ్ముకోవాలన్న తొందర అతనికి పోతుంది. అక్కడ మొదట పాన్ దించమనండి. అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటి ఉంటే కంగారు పడకండి, అన్నేళ్లు తిరిగిన పెట్టెలో అది మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప పొట్టు, ఇత్తడి రంగు మెరుపులు, నల్లటి పొరల ముక్కలు కనిపిస్తే లోపల ప్లేట్లో బేరింగులో పోయాయి. ఆయిల్ వాసన మీరే చూడండి. మాడిన వాసనని పోల్చడానికి మెకానిక్ కానక్కర్లేదు, ఒకసారి ముక్కుకి తగిలితే చాలు. గులాబీ రంగు పాల నురగలా ఉంటే రేడియేటర్‌లోంచి కూలెంట్ కలిసింది, అది పూర్తిగా వేరే కథ.

తర్వాత స్కానర్‌లో ఆ క్లచ్ తాలూకు అడాప్టేషన్ (సర్దుబాటు) అంకెలు చూడమనండి. బావగారి సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది, అందుకే కాస్త ఆగి చెబుతాను. ప్లేట్లు అరిగేకొద్దీ, సీలు కారేకొద్దీ, కంప్యూటర్ ఆ లోటు గమనించి ఆ క్లచ్‌కి కొంచెం ఎక్కువ ఆయిల్, కొంచెం ముందుగా పంపుతుంది. నడిపేవాళ్లకి ఏ తేడా తెలియదు. ఏళ్ల తరబడి అలా సర్దుకుంటూ పోతుంది. సర్దడానికి దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు తగిలిన రోజు బండి ఒక్కసారిగా చెడినట్టు కనిపిస్తుంది. ఆ అంకెలు హద్దుకి చేరివుంటే అరుగుడు పాతదే, బయటపడటం మాత్రం మీ చేతుల్లో జరిగింది. పరీక్ష పూర్తికాకముందే "రీసెట్ చేసి చూద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సాక్ష్యం చెరిగిపోతుంది.

చివరిది గాలి పరీక్ష. వాల్వ్ బాడీ తీసేసి, ఆ క్లచ్‌కి వెళ్లే రంధ్రంలో కంప్రెసర్ గాలి కొడతారు. "ధప్" మని పట్టుకుని నిలిస్తే సీలు బాగున్నట్టు, పాన్‌లో ప్లేట్ల ముక్కలు కూడా లేకుంటే తప్పు సోలినాయిడ్‌దో వాల్వ్ బాడీదో. బుస్సుమని కారిపోతే లోపలి సీలు పోయినట్టు. నిర్మాణం అనుమతించే బండ్లలో, సరైన మాన్యువల్ చేతిలో ఉన్న మనిషి చేస్తే, దీన్ని మించిన తీర్పు లేదు. ఒక పరీక్ష మాత్రం వద్దనండి. బ్రేకు నొక్కిపట్టి ఫుల్‌గా రేస్ చేసే స్టాల్ టెస్ట్ అని ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్సులోనే ఐదు సెకన్లు దాటితే ఆయిల్ మాడుతుంది. జారుతున్న క్లచ్‌కి అది అంత్యక్రియ.

ఫలితం వచ్చాక మీ ముందు కొన్ని దారులుంటాయి. ఆయిల్, ఫిల్టర్ మార్చడం అన్నిటికన్నా తేలిక. పాన్ శుభ్రంగా ఉండి, వాసన లేకుంటే ముందు ఇది చేయించడంలో తప్పులేదు. బండి పుస్తకంలో రాసిన ఆయిలే పోయాలి, "అన్నిటికీ సరిపోతుంది" అనే డబ్బా కాదు. పాన్ ప్లగ్ తీస్తే సగమో అంతకన్నా తక్కువో దిగుతుంది, మిగిలింది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి కొన్నాళ్ల తేడాతో రెండు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. ఆయిల్ మారిస్తే ఉన్నది కూడా పోతుందని భయపెట్టేవాళ్లున్నారు. మాడిపోయిన ప్లేట్లు కొత్త ఆయిల్ పోసినా పోతాయి, పోయకపోయినా పోతాయి. నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది, అంతే. కొత్త ఆయిల్ అరిగిన ప్లేటుకి మందం తేలేదు. ఆ స్నేహితుడి సీసా లాంటివి మామూలుగా రబ్బరు సీళ్లను కాస్త ఉబ్బిస్తాయి. కొన్ని వారాలు బాగుందనిపించవచ్చు. పరీక్ష ముందు పోస్తే లక్షణాలు మరుగున పడి మెకానిక్ దారి తప్పుతాడు, కాబట్టి ఇప్పుడు మాత్రం వద్దు.

గాలి నిలిచి, పాన్‌లో ప్లేట్ల ముక్కలు లేకుంటే సోలినాయిడ్, వాల్వ్ బాడీ పని చాలు. ఈ శుభవార్తకి ఒక గడువుంది. జారుతూ నడిపిన ప్రతిరోజూ ప్లేట్ల పొడి ఆయిల్‌లో కలిసి మిగతా సోలినాయిడ్లలోకి, కన్వర్టర్‌లోకి చేరుతుంది. ఇవాళ వాల్వ్ బాడీతో పోయేది రెండు నెలల తర్వాత మొత్తం విప్పుడు కావచ్చు.

గాలి కారిపోతే ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగుచేయడం. ఇక్కడే మోసాలకీ, మంచి పనికీ తేడా తెలుస్తుంది. చెడిన ఒక్క క్లచ్ మార్చి మూసేస్తామంటే చవకగా వినిపిస్తుంది. కానీ తొమ్మిదేళ్ల రబ్బరు మిగతా నాలుగు చోట్ల కూడా తొమ్మిదేళ్లదే. విప్పినప్పుడే అన్ని సీళ్లు, అన్ని ఫ్రిక్షన్ ప్లేట్లు మార్పించుకోండి. కన్వర్టర్‌ని మార్చడమో, కోసి బాగుచేయించడమో చేయాలి. ఆయిల్ కూలర్‌నీ దాని గొట్టాలనీ కడగాలి, కడగడం కుదరకపోతే మార్చాలి. ఇది మరిచిపోయి కొత్త గేర్‌బాక్స్ బిగించినా, కూలర్‌లో మిగిలిన పాత పొట్టు వచ్చి దాన్ని కూడా తింటుంది. బిగించాక అడాప్టేషన్ నేర్పించాలి. వీటిని కాగితం మీద రాయించుకుని, గ్యారంటీ ఎన్ని నెలలో, ఎన్ని కిలోమీటర్లో పక్కన వేయించుకోండి. రాయడానికి వెనకాడేవాడి చేతికి తాళం ఇవ్వకండి. ఫ్యాక్టరీలో మళ్లీ తయారుచేసిన గేర్‌బాక్స్ దొరికితే ఖర్చెక్కువ, తలనొప్పి తక్కువ. పాత బండి నుంచి తీసిన గేర్‌బాక్స్ చవక. కానీ దాని పాత యజమాని దాని గురించి ఏం దాచారో మీకెలా తెలుస్తుంది? మీరిప్పుడు ఉన్న చోటికే మళ్లీ వస్తారు. ఇవేవీ వద్దు, అమ్మేస్తాం అంటే అదీ ఒక దారే. జారుతోందని చెప్పి అమ్మితే ధర పడిపోతుంది. చెప్పకుండా అమ్మితే ఇంకో ఇంట్లో ఇలాంటి ఉత్తరం మొదలవుతుంది.

కొండదారి ప్రయాణానికి ఈ బండి వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఏడుగురు, సామాన్లు, ఎత్తు... మూడింటికీ వేడి పెరుగుతుంది, వేడికే మీ బండి జారుతోంది. ఎదురుగా బస్సు వస్తుండగా ఓవర్‌టేక్ మధ్యలో ఇంజిన్ అరిచి బండి అక్కడే ఉండిపోతే? అద్దె బండి తీసుకోండి. ఈలోగా దగ్గరి పనులకి తప్పదంటే ఒంటరిగా, మెల్లగా, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి నడపండి. గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలిగితే పక్కన ఆపి పార్క్‌లో పెట్టి, ఇంజిన్‌ని మామూలుగా తిరగనివ్వండి. ఆయిల్ కూలర్‌లోంచి తిరిగితేనే చల్లారుతుంది. మాడిన వాసన వస్తే ఇక నడపకండి. బండిని తాడుకట్టి లాగించుకోవద్దు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, తిరిగే భాగాలకి ఆయిల్ అందదు. బండి మొత్తాన్ని పైకెక్కించుకునే ట్రక్కునే పిలవండి.

ఇక బావగారు. "జీవితాంతం ఉండే ఆయిల్" అన్న మాట ఆయన కల్పించింది కాదు. చాలామంది తయారీదారులు అలాగే రాశారు. గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం తన పెట్టెలకి వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిల్ మార్చమంటుంది. ఆయన మార్చకపోవడం అజాగ్రత్త కావచ్చు, దానంతటదే దగా కాదు. పైన చెప్పిన కంప్యూటర్ సర్దుబాటు గుర్తుంచుకోండి. ఆ బండి తన జబ్బుని మీకన్నా ముందు ఆయన దగ్గరే దాచివుంటుంది. తెలిసే అమ్మారా అన్నదానికి మీరు వెతకగలిగిన జాడ ఒకటుంది. చాలా బండ్ల స్కానర్‌లో, కోడ్లు చివరిసారి చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కనిపిస్తుంది. అది సరిగ్గా మీరు కొన్న రోజుల నాటికి లెక్క తేలితే అనుమానం రావడం సహజం. కానీ సర్వీసులో మామూలుగానూ చెరుపుతారు, కొన్ని బండ్లలో బ్యాటరీ తీసినా సున్నాకి వస్తుంది, మీ రెండో షెడ్డు వాళ్లు చెరిపివుంటే ఆ లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. దాన్ని పట్టుకుని పంచాయితీకి వెళ్తే నిలవదు.

నిలదీస్తే ఆయన కాదంటారు, నిజమైనా కాకపోయినా. అత్తమామల ముందు తేల్చుకుందామంటే మాట బండి మీద నుంచి మనుషుల మీదికి మళ్లుతుంది. అస్సలు ఎత్తకపోతే, మీరే చెప్పినట్టు, నిద్ర పట్టదు. నేనైతే మీవారు ఇంట్లో ఉన్నరోజు, పరీక్ష ఫలితం చేతికొచ్చాక, ఇలా అడుగుతాను: "బావగారూ, గేర్‌బాక్స్ విప్పాల్సి వచ్చేట్టుంది. మీ దగ్గరున్నప్పుడు పొద్దున్నే రివర్స్ లేటుగా పడేదా? మెకానిక్‌కి చెప్పాలి." ఇది నిజంగా మెకానిక్‌కి కావలసిన సమాచారమే. పాత సర్వీసు బిల్లులు కూడా అప్పుడే అడగండి. ఖర్చులో కొంత తానూ పెట్టుకుంటానని ఆయన అనడానికి ఆ ప్రశ్న చోటిస్తుంది. అనకపోతే అడగాలా వద్దా అన్నది అన్నదమ్ములకి వదిలేయండి. అది మీరు ఒక్కరే మోయాల్సిన బరువు కాదు.

మూడో షెడ్డు పని అయ్యేదాకా రాత్రి బండిని ముందుకు తీసేలా తిప్పి నిలపండి, పొద్దున రివర్స్‌తో పని ఉండదు. తప్పనిసరై వేస్తే, బండి కదలట్లేదని యాక్సిలరేటర్ తొక్కకండి. బ్రేకు మీద కాలుంచి, ఆ కుదుపు వచ్చేదాకా ఆగి, అప్పుడు వదలండి. అయస్కాంతం ఫోటో, అడాప్టేషన్ అంకెలు వచ్చాక మళ్లీ రాయండి.